పదో వంతు ఒప్పందం నుంచి ఎల్-1 దాకా

మా నాదర్‌గుల్ ఇప్పుడు పల్లెనా, పట్నమా అంటే చెప్పడం కష్టం. ఒకప్పుడు చెరువు కింద వరి, మిట్ట మీద జొన్న పండిన ఊరు. ఊరి దగ్గర విమానం నడపడం నేర్పే చిన్న రన్‌వే ఉంది. పక్కనే ఆదిభట్ల, అక్కడ విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతాయి. మిగిలిన పొలాలు ప్లాట్లయ్యాయి. వీధి వీధికీ స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మంచినీటి గొట్టాలు, ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. వీటిలో ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు ఒక టెండరు కాగితం మీద ఒక ధరగా ఉన్నదే. ఎవరో నలుగురైదుగురు కోట్ చేశారు, ఎవరో ఒకరిని ఎంచుకున్నారు. ఆ ఎంపిక మంచిదైతే ఇరవై ఐదేళ్లు మనకు దాని ఊసే ఉండదు. చెడ్డదైతే ఎండాకాలం రాత్రి రెండు గంటలకు తెలుస్తుంది.

నేను విద్యుత్ రంగంలో స్టోర్సు, కొనుగోళ్ల పని చేసి రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్ కనబడితే ఆగి నేమ్‌ప్లేటు చదివే అలవాటు ఇంకా పోలేదు. ఎన్ని కె.వి.ఎ., ఏ సంవత్సరం, ఎవరి తయారీ, గ్యారంటీ ఇచ్చిన నష్టాలు ఎన్ని వాట్లు. ఈ వ్యాసం ఆ నేమ్‌ప్లేటు వెనక ఉన్న చరిత్ర గురించి. జనం డబ్బుతో జనం కోసం కొనేటప్పుడు ఎవరి దగ్గర కొనాలి అన్న ప్రశ్నకు మన నేల ఏడు వందల ఏళ్లుగా జవాబులు వెతుకుతూనే ఉంది. కొన్ని జవాబులు ఇప్పుడు మనం పాటిస్తున్న వాటికంటే మెరుగ్గా ఉన్నాయని నా గట్టి నమ్మకం.

రాతి మీద రాసిన స్పెసిఫికేషను

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించి, 1369లో అక్కడ సంస్కృత శాసనం వేయించాడు. నా దృష్టిలో మన తెలుగు నేల మీద దొరికిన గొప్ప ఇంజనీరింగు పత్రాల్లో అది ఒకటి. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను అందులో వరసగా చెప్పారు. ధర్మం తెలిసిన, ధనమున్న రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు, గట్టి బంకనేల, తీపి నీళ్ల నది, ఆనుకుని ఒక కొండ, మరీ పొడుగు కాని దృఢమైన రాతికట్ట, దగ్గరలో రాతి గని, చుట్టూ సాగుకు అనువైన చదును నేల. పన్నెండో అంగం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. చెరువు కట్టడంలో ఆరితేరిన పనివాళ్ల బృందం ఉండాలి అన్నది అది.

ఆ తర్వాత చెరువుకు రాకూడని ఆరు దోషాలు కూడా రాశారు. కట్ట ఊటలెత్తడం, ఉప్పునేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాతి పనికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా అందులో ఉంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇది టెక్నికల్ స్పెసిఫికేషను. ఎవరు కట్టాలి, దేనితో కట్టాలి, ఏ తప్పు జరిగితే పని చెడినట్టు అన్నదంతా ముందే తేల్చిన పత్రం. నైపుణ్యం అక్కడ అర్హతే, ధరతో బేరమాడే విషయం కాదు.

పనివాణ్ణి ఎంచుకోవడం ఒక ఎత్తు. చేసిన పనిని ఏళ్ల తరబడి నిలబెట్టించడం ఇంకో ఎత్తు. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఏర్పాటు దశబంధం. కాకతీయుల, విజయనగర రాజుల కాలపు శాసనాల్లో ఈ మాట పదే పదే కనిపిస్తుంది. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద సాగయ్యే దానిలో సాధారణంగా పదో వంతు, భూమిగానో ఆదాయంగానో దక్కుతుంది. దానికి షరతు ఉంది. కట్ట, తూము, అలుగు బాగోగులు అతనే చూడాలి. చెరువు నిండితే అతని పొలమూ పండుతుంది. కట్ట తెగితే అందరితోపాటు అతని పొలమూ ఎండుతుంది. కడప, చిత్తూరు ప్రాంతాల్లో ఇంగ్లీషు ప్రభుత్వం వచ్చాక కూడా ఈ మాన్యాలు దశబంధం ఇనాములన్న పేరుతోనే, మరమ్మతు షరతుతోనే కొనసాగాయి.

కట్టిన రోజున డబ్బు చేతిలో పెట్టి పంపేసే ఒప్పందం కాదది. పని ఎంతకాలం పనికొస్తే అంతకాలం చెల్లింపు. కట్టడం, నడపడం, చూసుకోవడం మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా ఇలాంటి ఒప్పందాలను కొత్త ఆలోచనలా చెప్పుకుంటున్నారు. మా తాలూకాలోని ఇబ్రహీంపట్నం పెద్దచెరువు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలానిదని చెబుతారు. పదహారో శతాబ్దపు మట్టికట్ట నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిందంటే కట్టినవారి పనితనం ఒక్కటే కారణం కాదు. తరతరాలుగా తూము దగ్గర కాపలా ఉన్న నీరటి, ఏటా కట్ట మీద మట్టి వేసిన చేతులు కూడా కారణమే.

ఒకే ఒక్క అంకె చేసిన నష్టం

ఎంపికను ఒకే ఒక్క అంకెకు వదిలేస్తే ఏమవుతుందో కూడా మన చరిత్రలోనే ఉంది. అయితే అది తక్కువ ధర కథ కాదు, ఎక్కువ ధర కథ.

పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నిజాం రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. ఎవరు సర్కారుకు ఎక్కువ కడతామంటే వాళ్లకు ఆ తాలూకా. గుత్త పట్టినవాడికి రైతు ఎలా ఉన్నాడు, చెరువు ఎలా ఉంది అన్న చింత ఉండదు. మాట ఇచ్చిన మొత్తం రాబట్టుకోవాలి, పైన తన లాభం చూసుకోవాలి. వచ్చే ఏడు ఇంకొకడు ఇంకా ఎక్కువ పాడితే తాలూకా అతని పాలవుతుంది కాబట్టి చెరువు మరమ్మతు మీద ఒక్క రూపాయి పెట్టడం కూడా అతనికి దండగే. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని తొలగిస్తూ వచ్చి, జీతం తీసుకునే అధికారులను పెట్టి, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించే జిల్లాబందీ తెచ్చాడు. సర్కారు పెద్ద అంకెను చూసి సంతోషించిన ఏళ్లలో ఊళ్లు దెబ్బతిన్నాయని గుర్తించడమే ఆ సంస్కరణ సారం.

ఈ కథను ఎందుకు తెచ్చానంటే, ఎక్కువ పాటకు ఇవ్వడంలోనూ, తక్కువ కోట్‌కు ఇవ్వడంలోనూ ఉన్న లోపం ఒకటే. రెండింటిలోనూ ఇచ్చేవాడికి ఆ రోజు కాగితం మీద అంకె ముచ్చటగా ఉంటుంది. తేడా వచ్చేది తర్వాత, అదీ సంతకం పెట్టినవాడి ఇంట్లో కాదు, ఊళ్లో.

అయినా తక్కువ ధర నియమాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అది పుట్టింది మంచి కారణానికే. ప్రజాపనుల శాఖలు వచ్చాక, అధికారి తన బంధువుకో, తనకు ముట్టజెప్పినవాడికో పని ఇవ్వకుండా ఆపడానికి సీల్డు టెండరు, ధరావతు, అందరి ముందూ కవర్లు తెరవడం, తక్కువ కోట్ చేసినవాడికే పని అన్న పద్ధతి స్థిరపడ్డాయి. అందులో వాదనకు చోటు లేదు. పది వేలు పన్నెండు వేలకంటే తక్కువ అన్నది ఎవరూ కాదనలేని నిజం. అమెరికా నగరాలు కూడా అవినీతి బెడద తట్టుకోలేక పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ దారి పట్టాయి. అయితే వాళ్ల చట్టాల్లో ఒక విశేషణం చేర్చారు. తక్కువ కోట్ చేసినవాడు బాధ్యతగలవాడై కూడా ఉండాలి అని. మన ఆఫీసుల్లో అతి తక్కువ కోట్ చేసినవాడిని పిలిచే ఎల్-1 అన్న మాట నోట్లో నానినంతగా ఆ బాధ్యత అన్న మాట నానలేదు.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు చెప్పిన లెక్క

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో యాసంగి వచ్చిందంటే రిపేరు షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. ప్రతి ట్రాక్టరులో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, పక్కన నలుగురు రైతులు. కిరాయి వాళ్లే చందా వేసుకుని తెచ్చేవారు. ఒక పెద్దాయన నా టేబులు ముందు నిలబడి అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“సారూ, మొన్ననే పెట్టిండ్రు గదా, మళ్ల కాలింది. వరి పొట్టకొచ్చింది. నీళ్లు లేకుంటె ఎట్ల జెయ్యాలె?”

ఆ ట్రాన్స్‌ఫార్మర్ టెండరులో అందరికంటే తక్కువ కోట్ చేసిన ఒక సరఫరాదారుది. మూత తీసి చూస్తే కోరులో వాడేసిన పాత రేకులను మళ్లీ కత్తిరించి పేర్చారు. వైండింగు సన్నగా ఉంది. ధరలో మిగిలిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. దానికి ఆ ఊరు చెల్లించిన మూల్యం ఏ కొనుగోలు ఫైలులోనూ లేదు. ఎండిన మళ్లు, కాలిన మోటార్లు, ట్రాక్టరు కిరాయిలు, రాత్రంతా చేను గట్టున కాచుకున్న మనుషులు, వీటికి ఫైలులో కాలమ్ ఉండదు.

పశువుల అంగడిలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, కాడికి కట్టి నాలుగు అడుగులు వేయించి చూస్తాడు, ఆ తర్వాతే ధర మాట్లాడతాడు. ప్రభుత్వ కొనుగోలుదారు కూడా అదే చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో విద్యుత్ రంగం ఆ పద్ధతిని చాలా ముందే లెక్కగా మార్చుకుంది. అది నష్టాలను ధరలో కలిపే లెక్క. ఈ వ్యాసం మొత్తంలో పాఠకులకు ఒక్కటే గుర్తుండాలంటే ఇదే గుర్తుండాలని కోరుకుంటాను.

ప్రతి ట్రాన్స్‌ఫార్మరులోనూ రెండు రకాల నష్టాలుంటాయి. ఒకటి ఐరన్ లాస్. ఊళ్లో అందరూ నిద్రపోయినా, ఒక్క బల్బు వెలగకపోయినా, లైను ఛార్జింగులో ఉన్నంతసేపూ కోరు కొంత కరెంటు తింటూనే ఉంటుంది. రెండోది కాపర్ లాస్. లోడు పెరిగిన కొద్దీ అది వర్గం చొప్పున పెరుగుతుంది, అంటే లోడు రెట్టింపైతే నష్టం నాలుగింతలు. ఇప్పుడు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయనుకుందాం. రెండోదాని ఐరన్ లాస్ 100 వాట్లు ఎక్కువ, కాని ధర కొన్ని వేలు తక్కువ. ఏడాదికి 8,760 గంటలు. 100 వాట్లు అంటే ఏడాదికి 876 యూనిట్లు. ఇరవై ఐదేళ్లకు 21,900 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకున్నా లక్షా తొమ్మిది వేల అయిదు వందలు. ముందు ముందు ఖర్చయ్యే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించి లెక్కగట్టినా, ఆ కొన్ని వేల లాభం ఎక్కడా నిలవదు.

అందుకే మంచి టెండరులో కోట్ చేసిన ధరకు రెండు మొత్తాలు కలుపుతారు. ఒక్కో వాటు ఐరన్ లాస్‌కు ఇంత, ఒక్కో వాటు కాపర్ లాస్‌కు ఇంత అని టెండరు పత్రంలోనే ముందుగా ప్రకటిస్తారు. ఆ మొత్తం ఎవరికి తక్కువ వస్తే వాళ్లే ఎల్-1. గ్యారంటీ ఇచ్చిన వాట్లు పరీక్షలో దాటితే కోత, మరీ దాటితే తిరస్కరణ. ఇందులో అధికారి ఇష్టానికి చోటు లేదు, అంకెలే మాట్లాడతాయి. కాని అవి ఆ రోజు బిల్లు అంకెలు కావు, పాతికేళ్ల బిల్లు అంకెలు. నాణ్యతను కూడా ధరంత కచ్చితంగా కొలవవచ్చని ఈ చిన్న లెక్క రుజువు చేసింది.

దీనికి తోడు టైప్ టెస్టు. ఒక డిజైను ట్రాన్స్‌ఫార్మరును కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ వంటి చోట షార్ట్ సర్క్యూట్‌కు, పిడుగుపాటును పోలిన ఇంపల్స్ వోల్టేజికి గురిచేసి, తట్టుకుంటేనే టెండరుకు అర్హత. 2010లో డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు స్టార్ లేబులు తప్పనిసరైంది. 2014లో ఐఎస్ 1180 ప్రమాణాన్ని తిరగరాసి, సగం లోడులో ఎన్ని వాట్లు, పూర్తి లోడులో ఎన్ని వాట్లు మించరాదో పట్టికలు పెట్టారు. ఇప్పుడు నేమ్‌ప్లేటు మీద ఆ అంకెలను ఎవరైనా చదువుకోవచ్చు.

డబ్బాల నుంచి కంప్యూటరుకు

తొంభైల దాకా టెండరు డబ్బా ఒక యుద్ధభూమి. ఆఫీసు గేటు దగ్గర మనుషులను నిలబెట్టి ఇంకొకరిని డబ్బా దాకా రానివ్వకపోవడం, షెడ్యూలు ఫారాలు అమ్మకుండా ఆపించడం, కాంట్రాక్టర్లంతా రింగు కట్టి వంతులవారీగా పనులు పంచుకోవడం అందరికీ తెలిసిన రోజులవి. తక్కువ ధర నియమం ఉన్నా, ఆ తక్కువ ధర ఎంతో ముందే గదిలో తేలిపోయేది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. దేశంలో ఆ దారి పట్టిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. బిడ్డు ఎక్కడి నుంచైనా వేయవచ్చు, ఎవరు వేశారో తెరిచేదాకా తెలియదు. గేటు దగ్గర నిలబడేవాళ్లకు పని లేకుండా పోయింది. అదే ఏడాది జులై 1న నీటిపారుదల శాఖ జి.ఓ. 94 ఇచ్చింది. కాంట్రాక్టు రంగంలో ఉన్నవాళ్లకు ఇప్పటికీ నోటికొచ్చిన జి.ఓ. అది. దాని ప్రకారం అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే టెండరు చెల్లదు. 25 శాతం కంటే ఎక్కువ లెస్ వేస్తే, ఆ 25 శాతాన్ని మించిన తేడాకు అదనపు సెక్యూరిటీ కట్టాలి. అంటే మరీ చౌకగా చేస్తానన్నవాడు, చేయలేకపోతే ప్రజలకు కలిగే నష్టానికి ముందే పూచీ పడాలి. తక్కువ ధర అనుమానించదగ్గ విషయం కూడా కావచ్చని ప్రభుత్వం నియమంగా రాసిన సందర్భం అది.

అదే జి.ఓ.లో బిడ్ కెపాసిటీ లెక్క కూడా ఉంది. గత అయిదేళ్లలో ఏదైనా ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువను, కొత్త పనికి ఇచ్చిన ఏళ్లతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, చేతిలో ఉన్న పనుల విలువ తీసేయాలి. మిగిలింది కొత్త పని విలువకంటే తక్కువైతే అర్హత లేదు. ఎంత పేరున్న కాంట్రాక్టరైనా ఇప్పటికే నెత్తి మీద పనులు నిండి ఉంటే ఇంకో పనిని నాన్చడం తప్ప చేయలేడన్న అనుభవమే ఆ లెక్కకు మూలం. గడిచిన పనుల చరిత్రను కొత్త పనికి కొలమానంగా పెట్టిన ఈ పద్ధతి నాకు పోరుమామిళ్ల పన్నెండో అంగానికి వారసురాలిగా కనిపిస్తుంది.

కోర్టుల వాకిట్లో కూడా ఈ ప్రశ్న నలిగింది. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు, స్నాక్ బార్ల టెండరు అది. నోటీసులో అయిదేళ్ల అనుభవం కావాలని అడిగి, లేనివాళ్లకు ఇవ్వకూడదు, ప్రభుత్వం తాను పెట్టిన ప్రమాణానికి తానే కట్టుబడాలి అని చెప్పింది. 1998 డిసెంబరులో ఇంకో కేసు వచ్చింది. మహారాష్ట్ర విద్యుత్ బోర్డు ఖాపర్‌ఖేడా థర్మల్ కేంద్రానికి పెద్ద గొట్టాలు, స్టీలు ట్యాంకుల పనిని రౌనక్ ఇంటర్నేషనల్‌కు ఇచ్చింది. హైదరాబాదు సంస్థ ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ దాన్ని సవాలు చేసింది. జస్టిస్ సుజాతా మనోహర్ తీర్పులో ప్రభుత్వ సంస్థ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఏమేం చూడవచ్చో వరసగా చెప్పారు. ధర ఒకటి, నాణ్యత ఒకటి, సకాలంలో చేయగల శక్తి, గత అనుభవం, లోపాలొస్తే వచ్చి సరిచేసే సామర్థ్యం. ధర ఒక్కటే ఎప్పుడూ కొలమానం కానక్కరలేదని కూడా తేల్చారు. ఏదో ఒక స్టేతో ప్రజాపని ఆగితే పెరిగే ఖర్చు ఎవరు భరిస్తారని కూడా ఆ తీర్పు అడిగింది.

ఈ రెండు తీర్పులూ కలిపి చదవాలి. ధరను మించి చూడవచ్చు, కాని ఏం చూస్తారో ముందే చెప్పాలి, చెప్పాక మార్చకూడదు. నా ఉద్యోగమంతటికీ ఇంతకంటే గట్టి సూత్రం నాకు దొరకలేదు.

నీళ్లు ఎక్కే ఎత్తు, ధర దిగే లోతు

మా వైపు వచ్చే కృష్ణా నీళ్ల ప్రయాణం చూడండి. నాగార్జునసాగర్ నీళ్లు అక్కంపల్లి జలాశయానికి చేరి, కోదండాపూర్‌లో శుద్ధై, నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా మా ఇబ్రహీంపట్నం వైపున్న గున్‌గల్‌కు ఎక్కి, అక్కడి నుంచి హైదరాబాదులోని సాహెబ్‌నగర్‌కు దిగుతాయి. 2004, 2008, 2015 సంవత్సరాల్లో ఈ తాగునీటి పథకం మూడు దశలు నడకలోకి వచ్చాయి. ఒక్కో దశ రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదు నేల 500 మీటర్లకు పైన. అంటే ప్రతి చుక్కా 300 మీటర్లకు మించి ఎక్కాలి.

ఇక్కడ పంపు ధరను చూసి పంపు కొంటే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఒక కిలోలీటరు నీటిని 300 మీటర్లు ఎత్తాలంటే, గొట్టంలో రాపిడిని వదిలేసినా, 80 శాతం సామర్థ్యం ఉన్న పంపుసెట్టుకు సుమారు 1.02 యూనిట్లు కావాలి. 75 శాతం ఉన్నదానికి 1.09. తేడా చూడటానికి చిన్నదే. కాని ఒక్క దశలో రోజుకు నాలుగు లక్షల తొమ్మిది వేల కిలోలీటర్లు నడుస్తాయి. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఆ అయిదు శాతం తేడాకే రోజుకు 27 వేల యూనిట్లకు పైగా వృథా. ఏడాదికి కోటి యూనిట్లు. పంపు కొన్నది ఒక్కసారే, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా. అందుకే నీటి పథకాల్లో సామర్థ్యాన్ని గ్యారంటీగా రాయించుకోవడం, బెంచి మీద పరీక్షించడం, తగ్గితే జరిమానా వేయడం పద్ధతిగా మారాయి.

చౌక ధర ఎంత లోతుకు దిగవచ్చో మన కర్నూలు చూపించింది. 2015 నవంబరులో నాటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గరి సోలార్ పార్కులో 500 మెగావాట్లకు ఎన్‌టీపీసీ, పోటీదారులు ధర తగ్గిస్తూ పోయే రివర్స్ వేలం పెట్టింది. అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ యూనిట్ 4 రూపాయల 63 పైసలకు గెలిచింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ. అయిదు నెలలు గడిచాయో లేదో, 2016 ఏప్రిల్లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. హైదరాబాదు సంస్థ గ్రీన్‌కో దాని భారతీయ ఆస్తులు కొనడంతో ప్రాజెక్టు ఒడ్డున పడింది. ఆ దివాలాకు ఆ ఒక్క వేలమే కారణమని ఎవరూ అనలేరు, దాని అప్పులు ప్రపంచమంతా పరచుకున్నాయి. నేను చెప్పేది వేరు. రివర్స్ వేలం ధరను మాత్రమే చూస్తుంది, ధర చెప్పినవాడి కాళ్ల కింద నేల ఎంత గట్టిదో చూడదు.

చౌక ఎప్పుడూ చెడ్డదే అనుకుంటే అదీ పొరపాటే. ఎల్‌ఈడీ బల్బు సంగతి చూడండి. కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్ 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు, రెండేళ్లు తిరిగేసరికి 38 రూపాయలకు దిగింది. నాణ్యత పోలేదు. ఎందుకంటే స్పెసిఫికేషను కచ్చితంగా రాశారు, మూడేళ్ల వారంటీ పెట్టారు, కోట్ల సంఖ్యలో ఒకేసారి కొన్నారు. ఏం కావాలో కొనేవాడికి నిక్కచ్చిగా తెలిస్తే, అమ్మేవాళ్లు ధరలో పోటీ పడటం మంచిదే. ప్రమాణం బలహీనమైనప్పుడే తక్కువ ధర ప్రమాదం.

ఇక మిగిలిన పని

ప్రపంచం ఈ దిశలో కదిలింది. యూరోపియన్ యూనియన్ 2014లో నీరు, విద్యుత్, రవాణా సంస్థల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన ఆదేశంలో, వస్తువు జీవితకాలపు ఖర్చు మొత్తాన్ని చూసి ఎంచుకునే వీలును స్పష్టంగా రాసింది. మన కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సూచనల్లో, నాణ్యత కీలకమైన పనులకు, సేవలకు నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతకు ముందు కన్సల్టెంట్లకే పరిమితమైన పద్ధతి అది. చిన్న పరిశ్రమలకు కేంద్రం 2012లో ఇచ్చిన ఉత్తర్వు దారి చూపింది. కేంద్ర శాఖలు, సంస్థల కొనుగోళ్లలో ఎల్-1 కంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న యూనిట్ ఆ ధరకు దిగితే కొంత సరఫరా దానికి దక్కుతుంది.

ఈ మార్పుల్లో ఉన్న ప్రమాదం నాకు తెలుసు, దాన్ని దాచను. నాణ్యత మార్కులు అన్న మాట రాగానే ఒకరికే సరిపోయేలా షరతులు కత్తిరించే చేతులు ముందుకొస్తాయి. ఫలానా కొలత, ఫలానా టర్నోవరు, ఫలానా రకం అనుభవం అని రాసి మిగతావాళ్లను గుమ్మం దగ్గరే ఆపేయవచ్చు. అలా జరిగితే సీల్డు టెండరు ఏ రోగానికి మందుగా పుట్టిందో ఆ రోగమే తిరిగొస్తుంది. కాబట్టి ధరను మించి చూడమని అడిగే మనమే దానికి కావలసిన కంచెలు కూడా అడగాలి.

నేను అడిగేవి నాలుగు. ఏ గుణానికి ఎన్ని మార్కులో, నష్టాలకు వాటుకు ఎంతో, టెండరు నోటీసులోనే రాయాలి. సరఫరాదారువారీగా ఏటా ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టారు, అందులో గ్యారంటీ కాలంలోనే ఎన్ని కాలాయి అన్న లెక్క అందరికీ కనిపించేలా ఉంచాలి. ఆ లెక్క వచ్చే టెండరుకు అర్హతలో చేరాలి. చివరిది, బిల్లులు సకాలంలో చెల్లించాలి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల గడువు పెట్టింది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట నిజాయితీగల తయారీదారు టెండరే వేయడు. ఆలస్యాన్ని వేరే చోట కోసుకునేవాడే వేస్తాడు. నాసిరకం సరుకులో సగం దోషం అక్కడే మొదలవుతుందని నా అనుభవం.

వీటిలో అసాధ్యమైనది ఏదీ లేదు. కాలిన ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ రిపేరు షెడ్డు రిజిస్టరులో సీరియల్ నంబరుతో సహా ఎక్కుతుంది. ఎవరి సరుకు ఎన్నిసార్లు వచ్చిందో లైన్‌మెన్‌కు నోటికొచ్చు. ఆ సమాచారం కొనుగోలు బల్ల దాకా ప్రయాణించడమే మిగిలింది. దశబంధం తీసుకున్నవాడు తన చెరువు కిందే బతికాడు కాబట్టి వేరే రిజిస్టరు అక్కరలేకపోయింది. ఇప్పటి సరఫరాదారు ఎక్కడో ఉంటాడు. అతని పనిని ఊరితో కట్టి ఉంచే బాధ్యత మన ఒప్పందానిది, దాన్ని రాసే అధికారిది, ఆ లెక్కలు చూపించమని అడిగే మనది. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఛార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది, అక్కడ ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. యూనిట్ ధర ఎంత పెంచుతారని అడగడంతో ఆగకుండా, మా వీధి ట్రాన్స్‌ఫార్మరును ఏ లెక్కన ఎంచుకున్నారని కూడా నాదర్‌గుల్ అడగాలి.